పక్క మిద్దె మీది బట్టలు

తెల్లవారుతూనే కాఫీకి నీళ్ళు పొయ్యి మీద పెట్టి, అవి మరిగేలోగా మిద్దె ఎక్కి, పక్కవీధిలో గదులు అద్దెకిచ్చే యువరాణి మిద్దె మీద ఏమేం బట్టలు ఆరుతున్నాయో చూసి రావడం అంబికకు అలవాటైపోయింది. ఆవేళ ఎర్రంచు తెల్లచీరలు రెండు, గళ్ళ తువ్వాళ్ళు నాలుగు, చంటిపిల్ల గౌన్లు మూడు. నిన్న తువ్వాళ్ళు రెండే. అంటే మూడో గదిలో కూడా ఎవరో దిగారన్నమాట.

ఆ మూడో గదికి రేకుల కప్పు. వానొస్తే పక్కనున్న మనిషి మాట వినిపించదు. బాత్రూముకు పోవాలంటే వాకిలి దాటాలి. అలాంటి గదిలోకి ఎక్కడెక్కడి నుంచో రైళ్ళు మారి వచ్చి మరీ దిగుతున్నారు. ఇక్కడ అంబిక మిద్దె మీద నాలుగు గదులు, నున్నటి టైల్సు, గడపకు నల్లరాయి, గూట్లో దీపం పెట్టుకునే చోటు. దండెం మీద మాత్రం మొగుడు మునియప్ప లుంగీ ఒకటి, తన చీర ఒకటి. పాత చీరలు నాలుగు తడిపి ఆరేస్తే పోలేదా అని ఒకసారి అనిపించింది కూడా. ఎవరైనా కనిపెడితే తల ఎక్కడ పెట్టుకోవాలన్న భయంతో మానుకుంది.

తొరపాడిలో గదులున్నవాళ్ళకు కొదవుండదు. వేలూరు పెద్దాసుపత్రికి కలకత్తా నుంచి, అస్సాం నుంచి, త్రిపుర నుంచి వైద్యానికి వచ్చేవాళ్ళు నెలల తరబడి ఉండిపోతారు. అందుకే మునియప్ప, ఊరంతా ఇళ్ళు కట్టే మేస్త్రీ, రెండేళ్ళు ఆదివారాలన్నీ పోసి ఆ నాలుగు గదులు కట్టుకున్నాడు. పూత పని అయిన నెలకే రాణిపేటలో ఎవరిదో మేడ కడుతూ పరంజా మీది నుంచి పడ్డాడు. కాలు అతికింది కానీ రెండువేళ్ళంత పొట్టిదైంది. ఇక ఎత్తు ఎక్కొద్దని డాక్టరు తెగేసి చెప్పాడు. ఇంక గదులే తిండి పెట్టాలి. గదులేమో ఆరునెలలుగా ఖాళీ.

ఈ లోపల ఆదిమూలం మేస్త్రీ ఒక కబురు తెచ్చాడు. ఆంబూరులో చెప్పుల కంపెనీ వాళ్ళు మూడంతస్తులు లేపుతున్నారు. ఆడినెలలో, అంటే తమిళుల ఆషాఢంలో, ఎవరూ పని మొదలుపెట్టరు కనుక ఆ తర్వాత వచ్చే ఆవణిలో మొదటి మంచిరోజున ముహూర్తం.

"నువ్వు కింద కుర్చీ ఏసుకొని చూస్తా ఉంటే చాలప్పా," అన్నాడు ఆదిమూలం.

మునియప్ప కుర్చీలో కూర్చుని చూసే మనిషి కాడని అంబికకు తెలుసు. ఒక్క ఇటుక వంకరగా కనిపిస్తే చాలు, ఎక్కేస్తాడు. ఆడి పోయేలోగా గదులు నిండితే సరి. నిండకపోతే ఆయన ఆంబూరు పోతాడు, పరంజా ఎక్కుతాడు. అక్కడితో ఆమె ఆలోచన ఆగదు. కాలు జారడం, ఫోను మోగడం, ఎవరో "అమ్మా, నువ్వు భయపడగాకు" అనడం, అన్నీ వరుసగా కళ్ళకు కట్టేస్తాయి. అలా కట్టినప్పుడల్లా ఆమె కోపం ఆదిమూలం మీదికి పోదు, తిన్నగా యువరాణి మీదికి పోతుంది.

యువరాణి పరాయిదేం కాదు, సొంత పిన్నమ్మ కూతురే. ఇద్దరూ గుడియాత్తంలో ఒకే వాకిట్లో పెరిగారు, ఏడాది తేడాతో తొరపాడికి కోడళ్ళుగా వచ్చారు. చిన్నప్పటి నుంచీ అంతే. అంబిక ఉతికి మడతపెట్టేది, యువరాణి తీసి కట్టుకునేది.

అప్పాసామి అంగడిలో యువరాణి ఎదురుపడింది ఆ పొద్దే. చేతిలో కలకత్తావాళ్ళ వంటకు ఆవనూనె సీసాలు రెండు.

"ఏమక్కా, మీ పైగదులు ఇంకా పూర్తి కాలేదా?"

"పూర్తయి ఆరునెలలాయె. మంచోళ్ళు వస్తే ఇద్దామని చూస్తా ఉండాం."

"మంచోళ్ళా?" యువరాణి పకపకా నవ్వింది. "ఒంట్లో మంచిగా ఉండేటోళ్ళకు వేలూరులో ఏం పనక్కా?"

"నీకు యాడ దొరుకుతారే ఇంతమంది? రైలుస్టేషన్ కాడ మనిషిని పెట్టినావా?"

"స్టేషనెందుకు? కంప్యూటర్లో పెట్టినాడు కదా మన నందు! వాళ్ళు కలకత్తాలో రైలెక్కేలోపలే నా ఇల్లు చూసేస్తారు."

"ఏ నందు?"

"ఏందక్కా, నీ అన్న కొడుకే! నందకుమార్. నీకు చెప్పలేదా వాడు?"

అంబిక చేతిలోని చింతపండు పొట్లం అంగడిలోనే మరిచిపోయి ఇంటికొచ్చింది.

మరుసటి రోజే గుడియాత్తం బస్సెక్కింది. వేలూరులో కూడా బ్రౌజింగ్ సెంటర్లు ఉన్నాయి. కానీ ఇక్కడ యువరాణి పేజీ తెరిచి చూస్తే ఆ మాట సాయంత్రానికి ఆమె చెవిన పడుతుంది. నందకుమార్ సెంటరు బస్టాండు దగ్గర ఒక లుంగీల అంగడి పైన. మూడు కంప్యూటర్లు, మధ్యమధ్య అట్టల తడికలు, గోడ మీద దేవుడి పటానికి కూడా వైర్లు చుట్టుకుని ఉన్నాయి.

"అత్తా! రా, రా. మామ కాలు ఎట్లుండాది?"

"కాలు అట్లే ఉండాది. నువ్వు మాత్రం పెద్దోడివైపోయినావు. సొంత మేనత్తను విడిచిపెట్టి దానికి చేసిపెట్టినావు."

"యువరాణత్త వచ్చి అడిగింది, చేసినా. నువ్వు అడిగితే చేయనా?"

"అడిగితేనా? పుట్టినప్పుడు నీకు నీళ్ళు పోసింది ఎవురు?"

నందకుమార్ చేతులు జోడించాడు. దానికి ఉన్నట్టే తనకూ కావాలి, కాకపోతే దానికంటే పెద్దది కావాలి, అంది అంబిక. సంచీలోంచి ఫోటోలు తీసింది. గృహప్రవేశం రోజున తోరణం కట్టిన వాకిలి. దండతో మునియప్ప. టైల్సు. నల్లరాతి గడప. పైగది కిటికీ ముందు చేతులు కట్టుకుని తాను.

"అత్తా, కింద అంగడి ఓనరు ఇట్లే చేసినాడు. లుంగీలకు పేజీ కావాలని మొదట వాళ్ళ తాత ఫోటో పెట్టించినాడు, తర్వాత ఆయనకు శాలువా కప్పిన ఫోటో. సింగపూరు నుంచి ఒకే ఒక్క ప్రశ్న వచ్చింది, ఉతికితే రంగు పోతుందా అని. అది మాత్రం యాడా రాయలేదు."

"తాత ఫోటో బాగుండె కదా?"

నందకుమార్ ఫోటోలు అందుకున్నాడు. ఫోటోల తర్వాత అంబిక ఒక కాగితం తీసింది. ఎనిమిదో తరగతి దాకా చదివిన తమిళంలో, గుండ్రటి అక్షరాలతో రాసుకొచ్చింది. గదిలో పొయ్యి వెలిగించరాదు. తొమ్మిదికి గేటు తాళం. పిల్లలు మెట్ల మీద ఆడరాదు. మిద్దె పిట్టగోడ దగ్గరికి ఎవరూ పోరాదు. పదికి దీపాలు ఆర్పాలి. కొత్తవాళ్ళను ఇంట్లోకి తేరాదు. అన్నిటికంటే కింద, రెండుసార్లు గీత గీసి: సీరియస్ కేసులకు గది ఇవ్వబడదు.

"ఇదంతా పెట్టాల్నా అత్తా?"

"పెట్టాల. కొత్తిల్లు. ఎవురన్నా పొయ్యి అంటించి చీర కాల్చుకుంటే? బిడ్డ పిట్టగోడ ఎక్కితే? గదిలోనే ఎవురికన్నా ఏదన్నా అయిపోతే?" ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆమె గొంతు తగ్గింది. "మీ మామ చేత్తో కట్టిన ఇల్లు అది. మొదట వచ్చేటోళ్ళే అట్లయితే ఎట్లా నాయనా?"

నందకుమార్ అన్నీ ఇంగ్లీషులోకి మార్చి పెట్టాడు. పేజీలో తోరణం కట్టిన వాకిలి పెద్దగా వెలిగింది. యువరాణి పేజీ చూపించమని అడగాలని నోటిదాకా వచ్చింది కానీ అభిమానం అడ్డొచ్చింది.

నెలన్నరలో ఆ పేజీకి మూడు ఉత్తరాలు వచ్చాయి. వచ్చినప్పుడల్లా నందకుమార్ ఫోను చేసి చదివేవాడు. ఎక్కడి వాళ్ళు, ఎందరు వస్తారు, ఎన్నాళ్ళుంటారు అన్నది అంబికకు ముఖ్యం కాదు.

"ఏం రోగమో అడుగు. సీరియసా కాదా అడుగు."

నందకుమార్ అడిగేవాడు. తిరిగి జవాబు వచ్చేది కాదు. మూడో ఉత్తరం సిల్చార్ నుంచి, ఒక తల్లి రాసింది. ఏడేళ్ళ కొడుకును తీసుకొస్తున్నానంది. రోగమేమిటని అడిగిన తర్వాత ఆ తల్లీ మాయమైంది.

ఆడి పుట్టిన నాలుగోరోజున యువరాణి వాకిట్లో ఆటో ఆగింది. అంబిక అప్పుడు మిద్దె మీదే ఉంది. బక్కపలచటి ఆడమనిషి ఒకామె దిగింది, చేయి పట్టుకుని ఒక పిల్లవాడు. అంత ఎండలోనూ వాడి తలకు ఉన్నిటోపీ. యువరాణి గేటు దాకా ఎదురెళ్ళి, "ఆషున్ దిదీ, ఆషున్!" అని వాళ్ళ భాషలోనే రమ్మంటూ పెట్టె అందుకుంది. ఈమెకు ఆ భాష ఎప్పుడొచ్చింది! రెండో తరగతిలో పన్నెండో ఎక్కం రాలేదు దీనికి.

సాయంత్రం యువరాణి పెరటి గోడ దగ్గరికొచ్చి కబురు చెప్పింది.

"సిల్చార్ వాళ్ళక్కా. మొదట ఇంకో ఇంటికి రాసిందంట పాపం. వాళ్ళు బిడ్డకు రోగమేంది, సీరియసా అని అడిగినారంట. ఆయమ్మ ఉత్తరం చూసి రెండు దినాలు ఏడ్చిందంట. ఎవురో తెలియనోళ్ళు!"

ఆ ఇల్లు అంబికదేనని తెలిసే అన్నదో తెలియక అన్నదో ఆ మొహం చూస్తే తెలియలేదు. తెలిసే అనుంటుందని అంబిక తేల్చుకుంది. ఆ రాత్రి తిండి సయించలేదు. మునియప్ప మాత్రం రెండుసార్లు వడ్డించుకుని, "ఆదిమూలం అడిగినాడు. సరే అని చెప్పినా," అన్నాడు.

"ఏమని చెప్పినావు?"

"ఆవణి మొదటి శుక్రవారం పోతా. ఊరికే కూసోని ఎన్నాళ్ళు తినేది?"

మళ్ళీ గుడియాత్తం. ఈసారి అంబిక బస్సు దిగి నీళ్ళు కూడా తాగలేదు.

"దాని పేజీ చూపించు నాకు. ఏం మందు పెట్టిందో చూస్తా."

నందకుమార్ తెరిచాడు. అంబిక కళ్ళజోడు సర్దుకుంది. తోరణాలు లేవు, యువరాణి ఫోటో కూడా లేదు. ఒక ఫోటోలో కిరోసిన్ పొయ్యి, దాని పక్కన చేపలు కోసే కత్తిపీట. ఇంకొకదాంట్లో గది గుమ్మం నుంచి బాత్రూము దాకా వాకిలి. అంతే. ఎవరైనా ఇంత దరిద్రపు ఫోటోలు తీయిస్తారా!

"ఇది చూసి వస్తా ఉండారా అంతమంది?"

"ఇది చూసి కాదత్తా. కింద చూడు. వచ్చి పోయినోళ్ళు రాసింది, రావాలనుకున్నోళ్ళు అడిగింది, అంతా ఉండాది. యువరాణత్తకు రాసేది తెలియదు. వాళ్ళు అడిగిందానికి నాకు ఫోనులో జవాబు చెప్తుంది, నేను ఎక్కిస్తా."

"చదువు."

నందకుమార్ చదివి చెప్పసాగాడు. మా నాయనకు మెత్తటి అన్నం తప్ప పడదు, గదిలో వండుకోవచ్చా? మెట్లు ఎన్ని? పట్టుకునేదానికి ఏమన్నా ఉంటుందా? రాత్రి రెండు గంటలకు బిడ్డకు జ్వరమొస్తే ఆటో దొరుకుతుందా? కరెంటు పోతే దీపం ఉంటుందా? నేను ఆసుపత్రికి పోయినప్పుడు పెద్దబిడ్డ ఒంటరిగా ఉండాలి, ఎవరైనా చూస్తారా? మందులు చల్లటి చోట పెట్టాలి, ఫ్రిజ్ ఉందా? మా భాష ఎవరికీ రాకపోతే ఎట్లా? చేతులు వణుకుతాయి, బాత్రూముకు లోపలి గడియ లేకుండా చేస్తారా?

ఇవన్నీ ఎవరో కలకత్తా వాళ్ళ మాటల్లా లేవు. కాలు విరిగి మునియప్పను ఆసుపత్రిలో చేర్చిన తొమ్మిది రోజులూ అంబిక లోపల తిరిగిన మాటలే. అప్పుడు ఆమె ఎవరిని పడితే వాళ్ళను అడిగింది, నర్సును, ఆయాను, ఆటోవాణ్ణి. రాత్రి ఆయనకు నొప్పి ఎక్కువైతే పరిగెత్తిపోయేలా దగ్గరలో ఒక గది కోసం తిరిగితే, ఒక ఇంటావిడ తలుపు సగం తెరిచి అడిగింది: "సీరియస్ కేసా?" అవునంటే తలుపు మూసేసింది. ఆ తలుపు రంగు కూడా గుర్తుంది అంబికకు. ఆకుపచ్చ.

ఆమె కాసేపు కంప్యూటరు వైపు చూడకుండా వైర్లు చుట్టుకున్న దేవుడి పటం వైపు చూసింది.

"నందూ. వీటన్నిటికీ అది జవాబు చెప్పిందా?"

"సగం చెప్పింది. సగానికి, రండి చూసుకుందాం అనింది. యువరాణత్త సంగతి నీకు తెలుసు కదా."

"తెలుసు. మెట్లకు పట్టుకునేది ఉందా అంటే ఏం చెప్పింది?"

"మెట్లు చిన్నవే అనింది."

"చిన్నవైతే జారరా? ఆరోగ్యంగా ఉండేటోడే జారతాడు!" అంబిక కుర్చీ ముందుకు లాక్కుంది. అసూయ మళ్ళీ ఒళ్ళంతా పాకింది, కానీ ఈసారి దానికి కాళ్ళూ చేతులూ వచ్చాయి. భయపడడంలో యువరాణి తనకు సాటి వస్తుందా? దానికి పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి భయమంటే ఏమిటో తెలియదు. "నా పేజీలో ఆ తోరణం తియ్యి. నన్ను తియ్యి. మామను కూడా తియ్యి. నేను చెప్తా, నువ్వు రాయి."

చెప్పడం మొదలుపెట్టింది. మెట్లు పద్నాలుగు, రెండు పక్కలా పట్టుకునే కడ్డీ ఉంది, మధ్యలో కూర్చుని ఊపిరి తీసుకునే చోటు ఉంది. గదిలో వండుకోవచ్చు, పొయ్యి గోడకు దూరంగా ఉంటుంది, పక్కనే బక్కెట్టు నిండా నీళ్ళు ఉంటాయి. కరెంటు పోతే గదికి రెండు లాంతర్లు, ఎక్కడున్నాయో చీకట్లో కూడా చేతికి తగిలేలా మేకుకు తగిలించి ఉంటాయి. అర్ధరాత్రి ఆటో కావాలంటే ఎదురింటి ఆటో నాగలింగం లేస్తాడు, లేవకపోతే నేను లేపుతా. పిట్టగోడ నడుము ఎత్తు. బావి మీద మూత ఉంది. పిల్లవాణ్ణి వదిలిపోతే నా కళ్ళ ముందే కూర్చోబెట్టుకుంటా.

"మెల్లిగా అత్తా, మెల్లిగా! చెయ్యి పోతా ఉండాది."

"పాముల మాట కూడా రాయి. లేవని రాయి."

"ఎవురూ అడగలేదు పాముల గురించి!"

"అడగరు నాయనా. పడుకున్నాక గుర్తొస్తుంది."

చివరికి నియమాల కాగితం వచ్చింది. నందకుమార్ ఒక్కొక్కటే కొట్టేశాడు. ఆఖరిదాని దగ్గర ఆగి ఆమె వైపు చూశాడు. ఫ్యాను తిరుగుతోంది. కింద అంగడిలో ఎవరో లుంగీ దులిపి చూపిస్తున్న చప్పుడు. ఇంట్లో ఏదన్నా జరిగితే? జరగొచ్చు. మునియప్పకూ జరిగుండొచ్చు.

"తీసెయ్," అంది అంబిక. తర్వాత వెంటనే, "ఆ యువరాణి చూడక ముందే తీసెయ్" అని కూడా అంది.

ఇంటికొచ్చి జరిగింది చెప్పగానే మొదట తిట్లు తినాల్సివచ్చింది.

"మెట్లకు రెండు పక్కలా కడ్డీ ఉండాదని రాయించినావా?" అన్నాడు మునియప్ప.

"రాయించినా."

"ఉండాదా?"

"లేదు. నువ్వు పెట్టాల."

"మధ్యలో కూసునే చోటు?"

"అదీ నువ్వే కట్టాల."

"బావికి మూత?"

అంబిక లోపలికి పోయింది. మునియప్ప చాలాసేపు మెట్ల దగ్గర నిలబడ్డాడు. తర్వాత కొలతల టేపు తీశాడు.

వారంలో ఉత్తరం వచ్చింది, అగర్తలా నుంచి. కూతురికి గుండె ఆపరేషన్, రెండునెలలు ఉండాలి, తల్లీ తండ్రీ అమ్మమ్మా వస్తారు, రెండు గదులు కావాలి. పేజీలో ఉన్నదంతా చదివారట. తల్లి ఒకే ప్రశ్న అడిగింది: మీరు కూడా ఆ ఇంట్లోనే ఉంటారా?

ఫోనులో అది వినగానే అంబిక జవాబు చెప్పింది. "కిందనే ఉంటానని రాయి. బయటికి పోయినోళ్ళు తిరిగొచ్చేదాకా నాకు నిద్ర పట్టదని రాయి. ఊరికే రాయడం కాదు నందూ, నిజంగానే పట్టదు."

ఆడి నెల చివరి బుధవారం పొద్దున ఆదిమూలం స్కూటరు వచ్చి వాకిట్లో ఆగింది. మునియప్ప నాలుగో మెట్టు మీద కూర్చుని కడ్డీ చుట్టూ సిమెంటు అదుముతున్నాడు.

"ఏమప్పా, శుక్రవారం పొద్దున్నే బస్సు. ఆంబూరు పోయి బిరియానీ తినేసి పని మొదలుపెడదాం."

"శుక్రవారం అగర్తలా వాళ్ళు దిగుతారు. అప్పటికి ఈ కడ్డీలు గట్టిపడాల."

"కడ్డీలకు రెండుదినాలు చాలు. ఆదివారం రా."

"బావి మూత ఉండాది. కూసునేదానికి తిన్నె ఉండాది. ఇంకా మా ఇంటిది కంప్యూటర్లో ఏమేం చెప్పిపెట్టిందో నాకు తెలియదు. ఇప్పటికి నాలుగు నెలల పని కనిపిస్తా ఉండాది."

"ఇంటిపనికి కూలి ఎవురు ఇస్తారు?"

"కాఫీ ఇస్తారు," అన్నాడు మునియప్ప. అంబిక అప్పటికే రెండు లోటాలు తెచ్చి నిలబడింది. ఆదిమూలం తాగి, మొహం ముడుచుకుని స్కూటరు తన్నాడు. అది మూడో తన్నుకు గాని లేవలేదు. అది లేచి, వీధి మలుపు తిరిగి, చప్పుడు వినపడకుండా పోయేదాకా అంబిక వాకిట్లోనే ఉంది.

అగర్తలా వాళ్ళు శుక్రవారం సాయంత్రం దిగారు. పిల్లకు పదకొండేళ్ళు. కడ్డీ పట్టుకుని మెట్లెక్కి, మధ్యలో తిన్నె మీద కూర్చుని, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ ఎక్కింది. వాళ్ళమ్మ వెనకాల నిలబడి ఆ తిన్నెను చేత్తో తడిమి చూసింది. ఆమె ఏదో అంది. అంబికకు ఒక్క ముక్క అర్థం కాలేదు, "ఆషున్, ఆషున్" అంది. ఆ మాట యువరాణిదని గుర్తొచ్చి నాలుక కరుచుకుంది.

నాలుగు రోజుల తర్వాత, కాఫీ నీళ్ళు పొయ్యి మీద పెట్టి మిద్దె ఎక్కింది. యువరాణి మిద్దె మీద ఉన్నిటోపీ పిల్లవాడి చొక్కాలు ఆరుతున్నాయి. ఆ కుటుంబం తన దగ్గర ఉండాల్సింది. అది ఎప్పటికీ ముల్లులా గుచ్చుతూనే ఉంటుంది. ఆ చొక్కాల కింద, వాకిట్లో మెట్ల మొదట్లో, ఇసక కుప్ప. రెండు ఇనప కడ్డీలు గోడకు ఆనించి ఉన్నాయి.

"చూసినావా!" అంది అంబిక పైకే. "నా పేజీ చదివించుకునింది! సిగ్గు లేని మనిషి! రేపు లాంతర్లు కూడా కొంటుంది చూడు!"

అప్పుడే యువరాణి బక్కెట్టుతో మిద్దె మీదికి వచ్చింది. వచ్చి, బట్టలు పిండకుండా, చేయి నుదుటికి అడ్డం పెట్టుకుని ఇటువైపు చూసింది. అంబిక దండెం మీద ఎర్రంచు చీరలు రెండు, గళ్ళ తువ్వాళ్ళు మూడు, పదకొండేళ్ళ పిల్ల గౌన్లు. మధ్యలో మునియప్ప దుప్పటి ఒకటి పెద్దగా పరుచుకుని సగం బట్టల్ని కప్పేస్తోంది.

యువరాణి పెదవులు లెక్కపెడుతున్నట్టు కదులుతున్నాయి.

అంబిక మెల్లిగా వెళ్ళి ఆ దుప్పటి తీసి, మడతపెట్టి, చంకలో పెట్టుకుంది.